గేర్ కేసు అడుగున పట్టేసిన ప్లగ్గు

గంజాం తీరంలోని మన తెలుగు మత్స్యకార గ్రామాలలో ఇంజన్ల మరమ్మతుకు అసలైన సమయం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు ఉండే వేట నిషేధ కాలం. గోపాలపురం మొదలుకొని బహుదా నది మొగ దాకా ఫైబర్ పడవల వెనుక బయటికి తగిలించే ఔట్‌బోర్డు ఇంజన్లను విప్పి ఇళ్ళకు చేరుస్తారు. గేర్ ఆయిల్ మార్చడం అందులో చాలా తేలికైన పని. అయినా ప్రొపెల్లర్ ముందు, గేర్లు ఉండే గేర్ కేసు అడుగున, పాత నూనె దించడానికి ఉన్న చిన్న డ్రెయిన్ ప్లగ్గు కదలకపోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది.

ప్లగ్గు పట్టేయడానికి కారణం బిగింపు ఒక్కటే కాదు. గేర్ కేసు అల్యూమినియంతోనూ, ప్లగ్గు సాధారణంగా స్టెయిన్‌లెస్ స్టీలుతోనూ తయారవుతాయి. ఒకదానినొకటి తాకుతున్న ఈ రెండు లోహాలు ఉప్పునీటిలో తడిసినప్పుడు వాటి మధ్య స్వల్పంగా విద్యుత్తు ప్రవహించి అల్యూమినియం తినివేయబడుతుంది. అలా పుట్టిన తెల్లని పొడి, తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక మరల సందుల్లో గట్టిగా బిగుసుకుంటుంది. దానిని పగలగొట్టకుండా ఎంత బలంగా తిప్పినా, ఆ బలమంతా ప్లగ్గు తల మీది గాడిని అరగదీయడానికే ఖర్చవుతుంది. ఎక్కువ ప్లగ్గులు చెడేది తుప్పు వల్ల కాదని, గాడి కంటే సన్నని స్క్రూడ్రైవరు పెట్టి, దాని పిడిని కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పడం వల్లనేనని నా గట్టి అభిప్రాయం.

ముందుగా గాడిలోని ఉప్పును, రంగును సూదిమొనతో పూర్తిగా గీకివేసి, తుప్పు వదిలించే నూనెను చల్లి ఒక రాత్రి నాననివ్వాలి. మరునాడు గాడి పొడవు, వెడల్పు రెండింటినీ నిండుగా పట్టే బిట్టును, సుత్తి దెబ్బకు తిరిగే చేతి పనిముట్టు అయిన ఇంపాక్ట్ డ్రైవరుకు తగిలించి, దానిని ఎడమవైపు తిరిగేలా అమర్చి సుత్తితో కొట్టాలి. ప్రతి దెబ్బకూ బిట్టు గాడిలోకి దిగుతూనే కొద్దిగా తిరుగుతుంది కాబట్టి అది జారి పైకి రాదు. పైగా ఆ అదురుకు మరల మధ్య పొడి చిట్లుతుంది. కేసు కింద చెక్క దిమ్మను ఆనించాలి, లేకపోతే దెబ్బ బలం ప్లగ్గుకు చేరదు. ఫోర్‌స్ట్రోక్ ఇంజనును పడుకోబెట్టవలసి వస్తే తయారీదారు సూచించిన వైపుకే పడుకోబెట్టాలి.

అప్పటికీ కదలకపోతే వేడి చేయాలి. వేడికి స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక ప్లగ్గును కాక దాని చుట్టూ ఉన్న కేసును హీట్ గన్నుతో వేడెక్కించాలి. లోపల వేడెక్కిన నూనె ఒత్తిడి పెంచకుండా పైనున్న గాలి ప్లగ్గును ముందే విప్పి ఉంచాలి. రంగు పొంగేంత వేడి పెట్టకూడదు, ఎందుకంటే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గరి రబ్బరు సీళ్ళు దానికి పాడవుతాయి. పెట్రోలు డబ్బా ఆ ఛాయలకే రాకూడదు.

గాడి అరిగిపోయిన ప్లగ్గును కాపాడుకోవాలని చూడవద్దు; కేసుతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు. పదునైన ఉలిని తల అంచు దగ్గర నిటారుగా పెట్టి చిన్న గంటు కొట్టి, తరువాత అదే గంటులో ఉలిని వాల్చి ప్లగ్గు ఎడమవైపు తిరిగేలా కొడితే చాలాసార్లు కదులుతుంది. అదీ కుదరకపోతే సరిగ్గా నడిమధ్యన సన్నని రంధ్రం వేసి, దానిని క్రమంగా పెద్దది చేసి, మొండి మరలను ఎడమవైపు తిప్పి బయటికి తీసే పనిముట్టు అయిన ఎక్స్‌ట్రాక్టరు దించాలి. అయితే ఎక్స్‌ట్రాక్టరు చాలా గట్టి ఉక్కుతో చేసినది. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు దానిని కోయలేదు. అందుచేత చేతికి అనుమానం తగిలిన క్షణాననే ఆపి, గేర్ కేసును బరంపురంలోని మంచి లేత్ షాపుకు తీసుకువెళ్ళడమే మేలు. కేసులోని మరలు పోయినా అక్కడ లోపల కొత్త మరచుట్ట వేయించుకోవచ్చు. రంధ్రం వేసిన తరువాత మాత్రం లోహపు పొట్టు ఏమాత్రం మిగలకుండా కొద్ది నూనె పోసి కేసును కడిగి తీరాలి.

ఈ పనిని నిషేధం చివరి వారానికి వాయిదా వేసే అలవాటు మన ఊళ్ళలో ఉంది, అది మారాలని కోరుకుంటున్నాను. దిగిన నూనె పాలలా తెల్లగా ఉంటే సీళ్ళగుండా నీరు చేరిందని అర్థం. ఆ నీటిని రెండు నెలలు లోపలే ఉంచితే బేరింగులు, గేర్లు తుప్పు పడతాయి. ఏప్రిల్‌లోనే విప్పితే సీళ్ళు తెప్పించడానికీ, మొండికేసిన ప్లగ్గుతో ఓపికగా పని చేయడానికీ వ్యవధి ఉంటుంది.

తిరిగి బిగించేటప్పుడు కొత్త వాషర్లు వేసి, మరలకు మెరైన్ గ్రీజు పలుచగా పూయాలి. నూనెను అడుగు రంధ్రం నుంచే ఎక్కించి, పై రంధ్రం నుంచి బుడగలు లేకుండా పొర్లినప్పుడు ముందు పై ప్లగ్గును, ఆ తరువాత గొట్టం తీసిన వెంటనే కింది ప్లగ్గును బిగించాలి.