ముక్కను సీసాలో వేసే ముందు

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతాల నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే మనవాళ్లలో బయాప్సీ అనే మాట వాడేవారు తక్కువ. "ముక్క తీశారమ్మా, ముక్క పరీక్షకు పంపారు" అంటారు. చర్మం నుంచి తీసిన అటువంటి ముక్కలను అందుకొని, భద్రపరచి, పలుచగా కోసి, రంగులు పట్టించి గాజు పలకల మీదికి ఎక్కించే పనిలో 14 ఏళ్లుగా ఈ నగరంలో ఉన్నాను. సూక్ష్మదర్శిని కింద ఏమి కనబడుతుందన్నది వైద్యుల విద్య. అది కనబడే స్థితిలో ముక్క వారి ముందుకు చేరుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు శరీరం నుంచి విడివడిన తొలి నిమిషాల్లోనే తేలిపోతుంది.

కొన్నేళ్ల కిందట పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. నోట్లో పుండ్లు, వీపు మీద ముట్టుకుంటే చిట్లిపోయే బొబ్బలు. వైద్యులు పెంఫిగస్ అని అనుమానించారు. చర్మకణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ల మీద శరీరంలోని ప్రతిరక్షకాలే (యాంటీబాడీలే) దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు అది. దాన్ని నిర్ధారించాలంటే రెండు ముక్కలు కావాలి. కొత్తగా లేచిన బొబ్బ అంచు నుంచి తీసినది ఫార్మలిన్‌లోకి, అంటే ఫార్మాల్డిహైడ్ కలిపిన నీళ్లలోకి వెళ్లాలి. బొబ్బ పక్కనే పైకి బాగానే కనబడే చర్మం నుంచి తీసిన రెండోది, ప్రతిరక్షకాలను మెరిసే రంగుతో పట్టి చూపే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్ష కోసం మిషెల్ ద్రావణంలోకి వెళ్లాలి. మాకు చేరిన రెండు సీసాల్లోనూ ఫార్మలినే ఉంది. మూత తీయగానే ముక్కుకు తగిలిన ఆ ఘాటు వాసనతోనే విషయం అర్థమై ప్రాణం ఉసూరుమంది.

ఫార్మలిన్ చెడ్డదేమీ కాదు. మా విద్యకు అదే ఆధారం. 1893లో జర్మనీలో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే వైద్యుడు ఫార్మాల్డిహైడ్‌ను క్రిమిసంహారిణిగా పరీక్షిస్తున్నప్పుడు, తన వేళ్ల చర్మమే గట్టిపడడం గమనించి, కణజాలాన్ని నిలువ చేయడానికి ఇది పనికొస్తుందని గ్రహించాడు. అంటే ఈ పద్ధతి చర్మం మీదనే పుట్టిందనాలి. అది ప్రొటీన్లను ఒకదానికొకటి ముడివేసి, కుళ్లిపోకుండా ఉన్నచోటనే నిలబెడుతుంది. ఇమ్యునోఫ్లోరసెన్స్‌లో మేము వెతికే ప్రతిరక్షకాలు కూడా ఆ ముడుల్లోనే చిక్కుకుపోయి, మేము వేసే మెరిసే రంగుకు అందకుండా పోతాయి కాబట్టి నమ్మదగిన ఫలితం రాదు. మిషెల్ ద్రావణంలోని అమోనియం సల్ఫేట్ వాటిని ముడివేయదు, ఉన్నవాటిని ఉన్నట్టే కొన్ని రోజులపాటు నిలిపి ఉంచుతుంది. ఆ ద్రావణం దొరకనిచోట మామూలు సెలైన్‌లో వేసి ఆ రోజే పంపినా చాలు. ఫార్మలిన్‌లో ముంచిన పట్టకారుతోనే రెండో ముక్కను పట్టుకోవడం కూడా తప్పేనని నేను ప్రతి కొత్త నర్సుకూ చెబుతాను.

తీసే పద్ధతిలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మత్తు సూది వేశాక 3 లేదా 4 మిల్లీమీటర్ల గుండ్రటి పంచ్‌ను తిప్పుతూ కొవ్వుపొర తగిలేదాకా దించుతారు. ఆ తరువాత పైకి లేచిన ముక్కను పట్టకారుతో నొక్కి లాగకూడదు, సూదిమొనతో మెల్లగా ఎత్తి అడుగున కత్తెరతో కోయాలి. నొక్కితే లింఫు కణాల కేంద్రకాలు నలిగి, కాటుక అలికినట్టు చారలుగా మిగులుతాయి. ఆ చారల్లో వాపు ఏదో, కంతి ఏదో ఎంతటి నిపుణులకైనా తెలియదు. ఫార్మలిన్ ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్లు ఉండాలి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే మెత్తగా లోపలికి జారిన చర్మం మరునాటికి గట్టిపడి ఇరుకు మూతిలోంచి బయటికి రాదు. పేరూ నంబరూ మూత మీద కాకుండా సీసా ఒంటి మీదే రాయాలి, మూతలు తారుమారవుతాయి. మా దగ్గర ముక్కను పెట్టే చిన్న ప్లాస్టిక్ పెట్టె మీద పెన్సిల్‌తోనే రాస్తాము. ముక్కను సిద్ధం చేసేటప్పుడు వాడే ఆల్కహాలు, జైలీన్ అనే ద్రావకం పెన్ను సిరాను కడిగేస్తాయి.

పరిశోధన కోసం తీసే చర్మానికి నియమాలు వేరు. కణాలు బతికి ఉండాలంటే ఫార్మలిన్ దరిదాపుల్లోకి రాకూడదు. యాంటీబయాటిక్ కలిపిన పోషక ద్రవంలో, మంచు పెట్టెలో, వీలైనంత త్వరగా చేర్చాలి. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు మనిషి చర్మపు పైపొర కణాలను ప్రయోగశాలలో తరతరాలుగా పెంచే దారి చూపారు. 2007లో జపాన్ శాస్త్రవేత్త యమనకా బృందం మనిషి చర్మపు లోపొరలో ఉండే ఫైబ్రోబ్లాస్టులనే కణాలను మూలకణాలుగా మార్చి చూపింది. వాటన్నిటి వెనుకా ఎవరో ఇచ్చిన చర్మం ఉంది. కణంలోని జన్యు సందేశాలను మోసే, త్వరగా చెడిపోయే ఆర్ఎన్ఏ కోసమైతే మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో వెంటనే గడ్డకట్టించి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి.

ఆ ఫ్రీజర్ విలువ 2016 డిసెంబరు 12న వార్దా తుఫాను చెన్నైని తాకినప్పుడు తెలిసింది. అప్పుడు నేను పనిచేసే చోట కరెంటు పోయింది. జనరేటర్‌కు డీజిల్ అయిపోయింది. తలుపు తెరవకుండా ఎంతసేపు ఆగగలమో అంతసేపు ఆగి, దొరికిన కాస్త డ్రై ఐస్‌లోకి మార్చగలిగినన్ని పెట్టెలు మార్చాము. రెండు పెట్టెలు కరిగిపోయాయి. ఒక్కొక్క గొట్టం మీదా ఒక కోడ్ నంబరు ఉండేది, ఆ నంబరు వెనుక కుట్టు వేయించుకున్న ఒక మనిషి ఉన్నారు. వారికి ఏమని చెప్పగలమన్న బాధ నాకు ఇంకా తీరలేదు. ఆ గదిలోనే పక్క బీరువాలో ఉన్న మైనపు దిమ్మెలకు మాత్రం ఏమీ కాలేదు. ఫార్మలిన్‌లో నిలిచి మైనంలో ఒదిగిన చర్మం గది వేడిలోనే దశాబ్దాలు ఉంటుంది.

అవ్వ దగ్గరికి నేనే వెళ్లాను. మళ్లీ ఒక ముక్క తీయాలనగానే ఆమె భయపడింది.

"మొన్న తీసింది ఏమయింది తల్లీ?"

"దాన్ని వేయకూడని మందునీళ్లలో వేశారు అవ్వా. నీ తప్పేమీ లేదు, తప్పు మావైపే జరిగింది."

ఆమె చేతిలో తమిళంలో అచ్చైన అంగీకార పత్రం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి, వారు ఇష్టపడితేనే నమూనా తీసుకోవాలి, మిగిలినదాన్ని పరిశోధనకు వాడాలంటే అందుకు విడిగా అడగాలి. అంతకుముందు మా దగ్గర తెలుగు పత్రమొకటి ఉండేది కానీ, అందులోని "జీవ కణజాల నమూనా" అన్న మాట తెలిసిన రోగిని నేను చూడలేదు. ఆ రాత్రి కూర్చుని దాన్ని తిరగరాశాను. "మీ చర్మం నుంచి మిరియపు గింజంత ముక్క తీస్తాము. పరీక్షకు పోగా మిగిలితే దాచి, ఇటువంటి జబ్బుల గురించి తెలుసుకోవడానికి వాడుకోవచ్చా? వద్దన్నా మీ వైద్యం ఆగదు. తరువాత మనసు మారినా చెప్పవచ్చు" అని. ఇటువంటి పత్రాల మంచిచెడ్డలు చూసే ఆసుపత్రి నైతిక సంఘం ఆమోదించేదాకా దాన్ని వాడలేదు. అవ్వకు మాత్రం ఆ మాటలే నోటితో చెప్పాను. దాచిన ముక్క ఎక్కడ ఉంటుందని, దాన్ని ఎవరికైనా అమ్ముతారా అని ఆమె అడిగింది. అమ్మబోమని, పేరు తీసేసి నంబరుతో దాస్తామని చెప్పాను. కాసేపు ఆలోచించి వేలిముద్ర వేసింది.

ఈసారి ముక్క సెలైన్‌లో, గంటలోపే నా చేతికి వచ్చింది. గడ్డకట్టించి, మైనస్ 20 డిగ్రీల యంత్రంలో కోసి, రంగు వేసి చూస్తే పైపొర కణాల చుట్టూ ఆకుపచ్చని మెరుపు గళ్లు గళ్లుగా వెలిగింది. ఆ మెరుపు ఎక్కువసేపు నిలవదు కాబట్టి వెంటనే ఫొటో తీసుకున్నాము. మరుసటిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు వైద్యుల అనుమతితో ఆమెకు చూపించాను. పుస్తకాల్లో ఆ గళ్లను చేపల వలతో పోల్చుతారని నేను చెప్పకముందే ఆమె "మా వల మాదిరే ఉండాదే" అంది. మందులు ఆ వారమే మొదలుపెట్టారు.