సీటు ఇచ్చినవాడికి సీటు లేదు

శుక్రవారం సాయంత్రం ఏడున్నరకు దిగవలసిన నేను శనివారం రాత్రి పదకొండు కావస్తుండగా దిగాను. చేతిలో సూట్‌కేసు లేదు, ఫోనులో మాత్రం 700 డాలర్ల వోచరు, అంటే ఆ సంస్థ టిక్కెట్టు కొనడానికి మాత్రమే పనికొచ్చే చీటీ, ఉంది. నన్ను విమానం ఎక్కనివ్వకుండా ఎవరూ ఆపలేదు. సీట్లకు మించి టిక్కెట్లు అమ్ముకున్న ఆ సంస్థ, ఎవరైనా ఇష్టపూర్వకంగా సీటు వదులుకుంటారా అని అడిగినప్పుడు, అందరికంటే ముందు లేచి వెళ్లినవాణ్ణి నేనే. అమెరికాలో ఇలా సీటు ఇచ్చి డబ్బు చేసుకున్నవారి కబుర్లు విని ఉత్సాహపడేవారు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి, కోపం చల్లారకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి దశలన్నీ సులువుగా గడిచిపోయాయి. ముందురోజు ఫోనులో చెక్ఇన్ చేస్తుంటే, మీ విమానం బాగా నిండిపోయింది, తరువాతి విమానంలో వెళ్లడానికి ఎంత ఇస్తే ఒప్పుకుంటారు అని అడిగి, 150, 250, 350 డాలర్లు అని మూడు గడులు చూపించారు. నేను మూడోది నొక్కి ఆ సంగతి మరిచిపోయాను. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త 1968లోనే ఈ ఉపాయం చెప్పారు: ప్రయాణికులకు తలా ఒక కవరు ఇచ్చి, ఎంత ఇస్తే ఆగుతారో రాయమనాలి, తక్కువ రాసినవారికి ఆ సొమ్ము ఇచ్చి ఆపాలి. విమాన సంస్థలు అప్పట్లో పట్టించుకోలేదు. పదేళ్ల తరువాత, 1978లో, ఇష్టపడి ఆగేవారిని ముందు అడిగిన తరువాతే మిగిలినవారి జోలికి వెళ్లాలని అక్కడి ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ఆ కవరే ఇప్పుడు ఫోనులోకి వచ్చింది. తక్కువ రాసినవారినే ముందుగా పిలుస్తారు కాబట్టి, అందులో నొక్కే అంకె మీకు నిజంగా సంతోషం కలిగించేదై ఉండాలి; ఊరికే నొక్కి చూద్దామనుకోవడం మంచిది కాదు.

గేటు దగ్గర నా పేరు పిలిచి 350కి సిద్ధమేనా అని అడిగారు. ఆలోచిస్తానని చెప్పి వచ్చి కూర్చున్నాను, ఎందుకంటే సోమవారం సెలవు కలిసిన వారాంతం కావడంతో గేటంతా కిక్కిరిసి ఉంది, వారికి ముగ్గురు కావాలి, లేచేవారు ఎవరూ కనబడలేదు. 400 అన్నారు, 500 అన్నారు, ఎవరూ కదలలేదు. 700 అనగానే లేచాను. ఆ క్షణాన నా బేరమాడే నేర్పు మీద నాకే ముచ్చట వేసిన మాట దాచను. ఇరవై నిమిషాలు నోరు మూసుకుని కూర్చుని మొత్తాన్ని రెండింతలు చేసుకున్నానని మా ఆవిడకు వెంటనే సందేశం కూడా పంపాను. ఆ సందేశాన్ని తుడిచేయాలని తరువాత చాలాసార్లు అనిపించింది, కానీ అప్పటికే ఆమె దాన్ని మా వాళ్లందరికీ పంపేసింది.

కౌంటరులో ఉన్న ఉద్యోగిని చకచకా ఏవో మీటలు నొక్కుతూ, తరువాత ఏ విమానంలో వెళతారని అడిగింది. అప్పుడు నేనన్న ఒక్క మాటే నా కొంప ముంచింది. "ఏదైనా ఫరవాలేదండీ" అన్నాను. ఆమె సంతోషించి, "ఎనిమిది నలభై విమానానికి మీకు ఖరారు చేశాను, ఈలోగా ఖాళీ ఏర్పడితే ముందే పంపిస్తాం" అని, ఒక తెర నా వైపు తిప్పి, వేలితో సంతకం చేయమంది. తెర మీద చీమల బారులాంటి అక్షరాలు పైకి వెళ్లిపోతున్నాయి. సంతకం చేశాను. యంత్రంలోంచి వచ్చిన చీటీ మీద విమానం అంకె, 8:40 అన్న సమయం పెద్దవిగా ఉన్నాయి, వాటి కింద తేదీ చిన్నదిగా ఉంది.

నా వెనక నిలుచున్నది కళాశాల విద్యార్థినిలా కనిపించిన ఇరవై ఏళ్ల అమ్మాయి. ఆమె సంతకం పెట్టే ముందు అడిగిన ప్రశ్నలు విని, ఎంత చాదస్తమో అనుకున్నాను. సీటు అంకె ఎంత, అది ఈ రాత్రి విమానమేనా, రాత్రి ఆగవలసి వస్తే బస ఎవరిది, వోచరు కాకుండా చెక్కు ఇస్తారా, మా తరువాత వచ్చే మూడోవారికి ఎక్కువ ఇస్తే మాకూ అంతే ఇస్తారా అని వరుసగా అడిగింది. చెక్కు కుదరదన్నారు కానీ, మిగిలినవాటికి ఉద్యోగిని ఓపికగా జవాబు చెప్పి, ఆ రాత్రి విమానంలో మిగిలిన ఒకే ఒక్క సీటు, 17సీ, ఆ అమ్మాయికి రాసి ఇచ్చింది. అది ఒకే ఒక్క సీటని నాకప్పుడు తెలియదు.

ఎనిమిదింటికి కొత్త గేటు దగ్గరికి వెళ్లాను. గోడ మీది తెరలో నా పేరులోని మొదటి మూడు అక్షరాలు, ఇంటిపేరు మొదటి అక్షరం, పక్కన నాలుగు అన్న అంకె కనిపించాయి. బహుశా ఎక్కే వరుసలో నాది నాలుగో స్థానమని సంబరపడ్డాను. విమానం ఎక్కడం మొదలైంది, వరుసలన్నీ అయిపోయాయి, ఇంకా పిలవలేదు. చివరికి చీటీ పట్టుకుని కౌంటరు ముందుకు వెళ్లాను. అక్కడున్న పెద్దమనిషి చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, నా పేరు ఖాళీ మిగిలితేనే ఎక్కించే స్టాండ్‌బై జాబితాలో నాలుగోదని, తనకు ఒక్క సీటు కూడా మిగలలేదని చెప్పాడు. నాకు ఖరారైన సీటు ఉందని, సీటు ఇచ్చినందుకే ఈ విమానం ఇచ్చారని నేను గొంతు పెంచాను. ఆయన కలం తీసి, నా చీటీ మీది తేదీ చుట్టూ నిదానంగా సున్నా చుట్టి, నా వైపు తిప్పి పెట్టాడు. "ఖరారైన మాట నిజమేనండి, కానీ ఇది రేపటి ఎనిమిది నలభై."

నా వెనక పదిమంది ఉన్నారు. అందులో ఒకాయన నవ్వును దగ్గుగా మార్చుకోవడం స్పష్టంగా వినబడింది. ఇరవై రెండేళ్లుగా లెక్కల పుస్తకాలు తనిఖీ చేసి బతుకుతున్న మనిషిని. ఇతరుల కాగితాల మీద తేదీ ఒక్కరోజు తేడా వస్తే ఎర్ర సిరాతో గుర్తు పెట్టే మనిషిని. నా కాగితం మీది తేదీని పరాయివాడు కలంతో చుట్టి చూపించవలసి వచ్చింది. ఊరికే ఏదో వస్తోందంటే చదువుకున్నవాడు కూడా చదవడం మానేస్తాడు. నేనూ అందుకు మినహాయింపు కాదని ఆ సున్నా రుజువు చేసింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. నేనింకా కౌంటరు దగ్గరే ఉండగా, ఆ పెద్దమనిషే మైకు అందుకుని, ఈ విమానంలో కూడా ఒకరు ఎక్కువయ్యారని, సీటు వదులుకునేవారికి 600 డాలర్లు ఇస్తామని ప్రకటించాడు. నేను వెంటనే చేయెత్తాను. ఎలాగూ ఆగిపోతున్నవాణ్ణి, ఆ 600 నాకే ఇస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆయన మైకు కట్టేయకుండానే, "సీటు ఉన్నవారేనండీ సీటు వదులుకోగలిగేది" అన్నాడు. ఆ మాట గేటంతా వినబడింది. 17సీ అమ్మాయి సంచి భుజాన వేసుకుని వెళుతూ నా వైపు జాలిగా చూసింది, ఆ చూపు మాత్రం ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

బస అడిగాను. సీటు మీ ఇష్టపూర్వకంగా ఇచ్చారు, ఒప్పందంలో బస రాసి లేదు కాబట్టి ఇవ్వలేమన్నారు. ఎంతో వాదించాక 15 డాలర్ల భోజనం కూపను ఇచ్చారు, అప్పటికి దుకాణాలన్నీ షట్టర్లు దించేశాయి. చేతుల మధ్య ఇనుప కడ్డీలున్న కుర్చీలో రాత్రంతా కూర్చున్నాను. మరునాడు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడు విమానాలకు స్టాండ్‌బైగా ప్రయత్నించి, మూడింటిలోనూ మిగిలిపోయి, చివరికి నా చీటీలో ఉన్న 8:40కే ఎక్కాను.

ఆ కుర్చీలో కూర్చుని అమెరికా రవాణా శాఖ నిబంధనలు మొదటిసారి పూర్తిగా చదివాను. సంతకానికి ముందు చదవవలసినవి అవి. మనకు ఇష్టం లేకుండా మనల్ని ఆపితే, దేశీయ విమానంలో గమ్యం చేరడానికి ఒక గంట నుంచి రెండు గంటల ఆలస్యమైతే ఒకవైపు టిక్కెట్టు ధరకు రెండింతలు, 1,075 డాలర్లు మించకుండా ఇవ్వాలి. రెండు గంటలు దాటితే నాలుగింతలు, 2,150 డాలర్లు మించకుండా ఇవ్వాలి. గంటలోపు చేరిస్తే ఏమీ రాదు. 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న పరిమితులివి. వోచరు వద్దని, చెక్కే కావాలని మనం పట్టుబట్టవచ్చు. మనమే చేయెత్తితే ఈ లెక్కలేవీ వర్తించవు. అప్పుడు మనకు దక్కేది మనం అడిగి ఒప్పించుకున్నదే. నా టిక్కెట్టు 280 డాలర్లు, దానికి నాలుగింతలు 1,120. నేను కూర్చునే ఉంటే నన్నే ఆపేవారన్న హామీ లేదు, అది ఒప్పుకుంటాను. కానీ కౌంటరు ముందు నిలుచున్నప్పుడు ఈ అంకె తెలిసి ఉంటే 700కి అంతగా మురిసిపోయేవాణ్ణి కాదు. స్వచ్ఛందంగా ఇచ్చేవారికి గరిష్ఠ పరిమితి నిబంధనల్లో లేదు. 2017 ఏప్రిల్‌లో షికాగోలో, నలుగురు సిబ్బందికి సీట్లు కావాలని ఒక ప్రయాణికుణ్ణి ఈడ్చుకెళ్లిన దృశ్యాన్ని ప్రపంచమంతా చూశాక, ఒక సంస్థ ఈ మొత్తాన్ని 10,000 డాలర్ల దాకా పెంచుకోవడానికి తన ఉద్యోగులకు అనుమతి ఇచ్చింది.

మన దేశంలోనూ ముందు స్వచ్ఛందంగా వచ్చేవారిని అడగాలనే నిబంధన ఉంది. బలవంతంగా ఆపి, గంటలోపు బయలుదేరే మరో విమానం చూపకపోతే, 24 గంటలలోపు విమానం చూపినప్పుడు 10,000 రూపాయలకు, ఆపైన అయితే 20,000 రూపాయలకు మించకుండా పరిహారం ఉంటుంది.

ఇక ఆ వోచరు సంగతి. ఇచ్చిన తేదీ నుంచి ఏడాది లోపల వాడాలి, నా పేరున మాత్రమే చెల్లుతుంది, ఒకేసారి వాడాలి, మిగిలిన సొమ్ము తిరిగి రాదు, సామాను రుసుముకు పనికిరాదు. 700 విలువ చేసే టిక్కెట్టు కొంటేనే అది 700. 410 టిక్కెట్టు కొంటే మిగతా 290 విమాన సంస్థకు నేనిచ్చే కానుక. ఉచిత లేదా రాయితీ ప్రయాణాన్ని పరిహారంగా చూపినప్పుడు, దాని ముఖ్యమైన షరతులన్నీ సీటు వదులుకునే నిర్ణయానికి ముందే ప్రయాణికుడికి చెప్పాలన్నది ఆ అమెరికా నిబంధనల్లోనే ఉంది. నాకు చెప్పినదల్లా ఆ చీమల బారు.

సీటు ఇవ్వవద్దని మాత్రం అనను. వెళ్లవలసిన పని తొందరలేనిదైతే, చేతిసంచి తప్ప మరో సామాను లేకపోతే, తప్పకుండా ఇవ్వండి. సీటు అంకె, తేదీ కాగితం మీద కంటితో చూసేవరకు మాత్రం వేలు తెర మీద పెట్టకండి. "ఏదైనా ఫరవాలేదు" అన్న మర్యాద మాట అక్కడ అసలే అనకండి. సామాను గురించి కూడా అడగండి. నా సూట్‌కేసు నేను వదులుకున్న విమానంలోనే హాయిగా వెళ్లి, శుక్రవారం ఏడున్నరకే చేరింది. చలికోటు, ఫోను చార్జరు, వేసుకోవలసిన మందులు అన్నీ అందులోనే ఉన్నాయి. శనివారం రాత్రి నేను దిగేసరికి సామాను గది మూసి ఉంది. గాజు తలుపు అవతల, చక్రాల కుర్చీల పక్కన, నా నీలం సూట్‌కేసు కనబడుతూనే ఉంది. ఈ ఉదయం మళ్లీ వెళ్లి, గుర్తింపు కార్డు చూపించి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, విమాన సంస్థకు ఫిర్యాదు రాయడం. సున్నా చుట్టిన ఆ చీటీని ఫొటో తీసి జతచేశాను. షరతులు ముందుగా చెప్పనందున వోచరుకు బదులు చెక్కు ఇమ్మని అడిగాను. అందినట్టు 30 రోజుల్లోగా, సరైన జవాబు 60 రోజుల్లోగా వారు తెలపాలి. ఫిర్యాదు పంపే ముందు దాని మీది తేదీ మూడుసార్లు సరిచూసుకున్నాను.