బోర్డు పోయిందన్న ల్యాప్‌టాప్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా? నా అనుభవం

2018లో కొన్న ల్యాప్‌టాప్. ఐ5-8250యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. 2025 మే నెలకు మూడు జబ్బులు ఒక్కసారే బయటపడ్డాయి. ఆన్ చేస్తే పని చేసుకునే స్థితికి రావడానికి ఏడెనిమిది నిమిషాలు పట్టేది. ఛార్జర్ తీస్తే పది నిమిషాల్లో ఆరిపోయేది. మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆగిపోయేది. కడపలో చూపించిన షాపులో మూడింటికీ కలిపి ఒకే మాట చెప్పారు: "బోర్డు పోయినట్టుందన్నా, పద్నాలుగు వేలవుతాది. దానికన్నా కొత్తది తీసుకోవడమే మేలు."

బోర్డులో, అంటే అన్ని భాగాలూ కలిసే మదర్‌బోర్డులో, షార్ట్ ఉంటే మామూలుగా అది పొద్దున, మధ్యాహ్నం అని చూడదు. ఇది మాత్రం పొద్దున మూడు గంటలు నిక్షేపంగా నడిచేది. మధ్యాహ్నం ఆగిన వెంటనే మళ్లీ ఆన్ చేస్తే లోగో కనబడి ఆగేది. పావుగంట చల్లారనిస్తే మామూలుగా లేచేది. ఇది వేడి లక్షణం. మే నెలలో మన దగ్గర గది ఉష్ణోగ్రతే 38, 39 డిగ్రీలు ఉంటే, ఫ్యాన్ లోపలికి లాక్కునే గాలి అదే కదా. అందుకే మూడు జబ్బులనూ విడదీసి, దేనికది కొలిచాను.

ఆన్ కావడానికి అంతసేపు పడుతోందంటే డిస్క్ మీదే అనుమానం. అందుకే కొలవడానికి ముందే డేటా తీసిపెట్టాను. డిస్క్ అనుమానంగా ఉన్నప్పుడు చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్) నడపకూడదు, డీఫ్రాగ్ (ఫైళ్లను సర్ది పేర్చడం) చేయకూడదు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ను గంటల తరబడి చదివిస్తే ఆ పనిలోనే పూర్తిగా పోవచ్చు. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, లెక్కల ఫైళ్లు ముందు, సినిమాలు చివర. ఎక్కడైనా కాపీ ఆగిపోతే ఆ ఫోల్డర్ వదిలి ముందుకు పోవాలి, చివర్లో దాని దగ్గరికి రావాలి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. అది లేకుండా డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే లోపలున్నది ఏదీ తెరుచుకోదు. రిపేరులో డేటా పోయిందని బాధపడే కొందరికి డిస్క్ బాగానే ఉంటుంది, కీ ఉండదు.

ఇక కొలతలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో డిస్క్ పక్కన పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. పెండింగ్ సెక్టార్లు 48. అంటే చదవడానికి మొరాయిస్తున్న చోట్లు అన్ని ఉన్నాయన్నమాట. విండోస్ తప్పులు నమోదు చేసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 'డిస్క్' పేరుతో 7వ నంబరు ఎర్రర్లు కూడా కనబడ్డాయి, అవి బ్యాడ్ బ్లాకులకు, అంటే డిస్క్‌లో పాడైన చోట్లకు, గుర్తు. అదే చోట కనబడే 'కెర్నెల్-పవర్ 41' చూసి మాత్రం కంగారు పడనక్కర్లేదు. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే తప్ప ఎందుకు ఆగిందో అది చెప్పదు. దాన్ని చూపించి బోర్డు పోయిందని తేల్చడం తప్పు.

బ్యాటరీ సంగతి కమాండ్ ప్రాంప్ట్‌లో తేలుతుంది. పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక ఫైలు తయారవుతుంది. కొత్తలో సామర్థ్యం 41,000 మిల్లీవాట్-అవర్లు, ఇప్పుడు నిండా ఛార్జ్ చేస్తే 13,900. మూడో వంతు మిగిలింది. టచ్‌ప్యాడ్ నొక్కితే దిగకపోవడం, కింది మూత ఉబ్బెత్తుగా కనబడటం ఉంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు లెక్కలు చూస్తూ కూర్చోకుండా వాడకం ఆపి తీయించేయాలి. దాన్ని గుచ్చకూడదు, నొక్కి చదును చేయకూడదు.

ప్రాసెసర్ ఊరికే ఉన్నప్పుడే 62 డిగ్రీలు. వీడియో కాల్ పెడితే 97. ఈ ప్రాసెసర్ గరిష్ఠ హద్దు 100. ఆ దరిదాపులకు రాగానే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మొత్తంగా ఆపేసుకుంటుంది.

జబ్బు దొరికినంత మాత్రాన బాగు చేయించడం లాభమని కాదు. నా మటుకు తేల్చింది ప్రాసెసర్ తరం. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని అప్పటికే ప్రకటించారు. విండోస్ 11 ఇంటెల్‌లో, అతి కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరం నుంచే తీసుకుంటుంది. టీపీఎమ్ 2.0 (భద్రతా చిప్) కూడా ఉండాలి. ఇది సరిగ్గా 8వ తరం. ఇదే 7వ తరం అయ్యుంటే విండోస్ కోసం దాని మీద ఆరేడు వేలు పెట్టేవాణ్ణి కాదు.

తర్వాత స్లాట్లు. కింది మూత విప్పి చూస్తే రెండో ర్యామ్ స్లాటు ఖాళీగా ఉంది. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచే దారే ఉండదు. కొనేముందు డీడీఆర్3నా, డీడీఆర్4నా చూసుకోవాలి. గాడి ఉన్న చోటు వేరు కాబట్టి ఒకటి ఇంకోదానిలో కూర్చోదు.

2025 జూన్ నాటి నా ఖర్చు ఇదీ: 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్‌డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్) 1,700, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ 1,900, బ్యాటరీ 2,600, శుభ్రం చేసి ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్ట్ వేయడానికి 600. మొత్తం 6,800 రూపాయలు. దీనికి సాటివచ్చే కొత్తది అప్పట్లో 42,000 చెప్పారు, అంటే ఆరో వంతు ఖర్చు. మూడో వంతు దాటితే కొత్తదే అని ముందే గీత గీసుకున్నాను. ఆ తర్వాత ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఈ లెక్క మీరు ఇవాళ్టి ధరలతో మళ్లీ వేసుకోవాలి.

బ్యాటరీ కడపలో దొరకలేదు, బెంగళూరు నుంచి తెప్పించారు. మోడల్ పేరు చెప్పి తెప్పిస్తే తప్పుడుది రావచ్చు. పాత బ్యాటరీ మీదున్న పార్ట్ నంబరు, వోల్టేజి ఫొటో తీసి పంపాలి.

శుభ్రం చేయించడంలోనే ఎక్కువ మోసపోతాం. బయటి నుంచి బ్లోయర్ కొడితే దుమ్ము పోయినట్టే ఉంటుంది గానీ, ఫ్యాన్‌కూ వేడి బయటికి పంపే రాగి రేకులకూ మధ్య పీచులా గట్టిపడిన పొర కదలదు. ఫ్యాన్ విప్పితేనే చేతికొస్తుంది. మా జిల్లాలో ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గర నివాసమైతే ఏడాదికోసారి ఈ పని తప్పదు, ఆ సన్నపు పొడి అన్నిటిలోకీ దూరుతుంది. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి, విచ్చలవిడిగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బియ్యపుగింజంత పెడితే చాలు. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడి లాగే లోహపు పలక) స్క్రూలు దాని మీద వేసిన అంకెల వరసలోనే, కొంచెం కొంచెంగా బిగించాలి. మూత స్క్రూలు కొన్ని మోడళ్లలో రెండు పొడవుల్లో ఉంటాయి. పొడుగుది పొట్టి చోట బిగిస్తే పైన కీబోర్డు దగ్గర పొడుచుకొస్తుంది, ఒక్కోసారి బోర్డుకే తగులుతుంది. తీసినవి తీసినట్టు కాగితం మీద అదే ఆకారంలో పేర్చుకోవాలి.

పాత డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు ఉన్నాయి కాబట్టి క్లోనింగ్ (పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయడం) జోలికి పోలేదు. ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 కొత్తగా ఎక్కించాను. ఇప్పుడు ఆన్ కావడానికి 20 సెకన్ల లోపే. వీడియో కాల్‌లో వేడి 78 డిగ్రీలు. మధ్యాహ్నం ఆగడం మళ్లీ జరగలేదు. ఎప్పుడూ ఛార్జర్‌తోనే నడుస్తుంది కాబట్టి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) బ్యాటరీ ఛార్జింగ్ హద్దు 80 శాతానికి పెట్టాను.

మిగిలింది తెర తిరిగే ఎడమవైపు కీలు, అంటే హింజ్. బిగుసుకుపోయి, లోపల ప్లాస్టిక్‌లో కూర్చున్న ఇత్తడి గుండీలను పెకలిస్తోంది. దాన్ని అలాగే వాడితే డిస్‌ప్లే కేబుల్ నలిగి తెర మీద గీతలు రావచ్చు. అందుకే తెర ఉన్న పై మూతను రెండు చేతులతో, నెమ్మదిగా, అవసరమైనప్పుడే తెరుస్తున్నాను. రేపు నిజంగా బోర్డే పోతే దాని మీద రూపాయి పెట్టను. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసింగ్‌లో వేసుకుని, ర్యామ్ అమ్మేసి, అప్పుడు కొత్తదానికి వెళతాను.