క్యారేజీ డబ్బా పట్టుకున్న కోచ్

2014 నవంబరు 22న వేక్ ఫారెస్ట్‌తో జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మా వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం జట్టు 60 నిమిషాలు ఆడి ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. ఒక్క పాయింటు సాధించనూ లేదు. చివరికి రెండో అదనపు సమయంలో 6-3 తేడాతో ఓడిపోయాం. మా గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురు సగం ఆటకే లేచి వంట మొదలుపెట్టారు. నేను మాత్రం టీవీ ముందు నుంచి కదలలేదు. నేను చూస్తున్నది స్కోరును కాదు, బడ్ ఫోస్టర్ పనిని.

ఫోస్టర్ మా హెడ్ కోచ్ కాదు. ఆయన ఎప్పుడూ, ఎక్కడా హెడ్ కోచ్ కాలేదు. 1987 నుంచి 2019 వరకు, 33 సీజన్లు, ఒకే విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాయింట్లు సాధించే దళం వేరు, ప్రత్యర్థిని ఆపే దళం వేరు. ఆపే దళం మొత్తానికీ బాధ్యుడు డిఫెన్స్ కోఆర్డినేటర్. ఫోస్టర్ 1995లో ఆ బాధ్యతను మరొకరితో పంచుకుని, 1996 నుంచి ఒంటరిగా మోశారు.

నేను గోదావరిఖనిలో పుట్టాను. నాన్న సింగరేణిలో మైనింగ్ సర్దార్. కొత్తగూడెంలో మైనింగ్ ఇంజనీరింగ్ చదివి, 2013లో ఎం.ఎస్. కోసం వర్జీనియా టెక్ ఉన్న బ్లాక్స్‌బర్గ్ వచ్చాను. ఊరంతా ముదురు ఎరుపు, నారింజ రంగు చొక్కాలతో తిరుగుతుంటే ఏ పండుగో అర్థం కాలేదు. ఫుట్‌బాల్ నియమాలు అసలే తెలియవు. స్టేడియానికి వెళ్ళిన మొదటి రోజు ఒక ఆటగాడు చేతిలో సొట్టలు పడిన పాత లోహపు డబ్బా పట్టుకుని మైదానంలోకి వచ్చాడు. పక్కనున్న పెద్దాయనను అదేమిటని అడిగాను. బొగ్గు గని కార్మికుడి అన్నం డబ్బా అని చెప్పాడు. నాకు గొంతు పట్టేసింది. నాన్న మొదటి షిఫ్టుకు వెళ్ళేటప్పుడు సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకునే స్టీలు క్యారేజీ కళ్ళ ముందు కదిలింది.

ఆ సంప్రదాయం 1995లో ఫోస్టర్, ఆయన తోటి కోఆర్డినేటర్ కలిసి మొదలుపెట్టినది. ఆ సీజన్ లక్ష్యాలు రాసిన కాగితాలను ఆ డబ్బాలో పెట్టేవారు. కష్టపడి అర్హత సంపాదించిన ఆటగాడే దాన్ని మోయాలి. 2007 ఏప్రిల్ 16న క్యాంపస్‌లో కాల్పులు జరిగి 32 మంది చనిపోయిన తర్వాతి సీజన్‌లో, ఆ 32 పేర్లూ డబ్బాలో పెట్టుకుని జట్టు మైదానంలోకి దిగింది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఈ వృత్తిలో ఒక చోట నిలవడం చాలా కష్టం. హెడ్ కోచ్‌ను తీసేస్తే ఆయన కింది అసిస్టెంట్లు కూడా చాలావరకు సామాను సర్దుకోవలసిందే. పిల్లల బడి మారుతుంది, ఇల్లు మారుతుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వారమంతా ప్రత్యర్థి ఆట వీడియోలు చూడాలి, సీజన్ అయిపోగానే హైస్కూలు పిల్లల ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రుల ఎదుట కూర్చుని, మీ అబ్బాయిని మా దగ్గరికి పంపండని అడగాలి. ఫోస్టర్ ముర్రే స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడి, 1981లో అక్కడే హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ కింద కోచింగ్ మొదలుపెట్టారు. బీమర్ వర్జీనియా టెక్‌కు హెడ్ కోచ్‌గా వస్తే ఫోస్టర్ వెంట వచ్చారు. మొదటి ఏడాది రెండు గెలుపులు, తొమ్మిది ఓటములు. 1992లో మళ్ళీ రెండే గెలుపులు, ఎనిమిది ఓటములు, ఒక డ్రా. ఆ సీజన్ తర్వాత బీమర్ తన సహాయకులలో కొందరిని మార్చారు. ఫోస్టర్ మిగిలారు. ఆ మరుసటి ఏడాది నుంచి 2019 దాకా వరుసగా 27 సీజన్లు మా జట్టు బౌల్ మ్యాచ్‌కు, అంటే బాగా ఆడిన జట్లకు సీజన్ చివర దక్కే ప్రత్యేక మ్యాచ్‌కు, చేరింది. 2006లో దేశం మొత్తంలో సగటున అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు మాదే. అసిస్టెంట్ కోచ్‌లకు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు ఆ ఏడాది ఆయనకే వచ్చింది.

నేను కళ్ళారా చూసిన వాటిలో గొప్పది 2014 సెప్టెంబరు 6, ఒహాయో స్టేట్ మీద ఆట. వాళ్ళ మైదానంలో, లక్షకు పైగా జనం మధ్య. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్‌కు, అంటే దాడిని నడిపిస్తూ బంతి పాసులు విసిరే ఆటగాడికి, అది రెండో మ్యాచ్. ఫోస్టర్ తన మనుషులను ముందు వరుసలోకి గుంపుగా తెచ్చి నిలబెట్టారు. బంతి అందుకోవడానికి పరుగెత్తే ప్రతి ఒక్కరికీ ఒక్కడే కాపలా, వెనుక ఆదుకునేవాడు లేడు. ఒక్కడు తప్పినా కొంప మునుగుతుంది. ఆ ఒక్కడు తప్పకూడదంటే ఎన్ని వందల సార్లు సాధన చేయించి ఉండాలి! క్వార్టర్‌బ్యాక్‌ను ఏడు సార్లు పడగొట్టారు, మూడు పాసులు అడ్డుకుని లాక్కున్నారు. 35-21తో గెలిచాం. ఆ సీజన్‌లో ఒహాయో స్టేట్ ఓడింది ఆ ఒక్క మ్యాచే. చివరికి జాతీయ ఛాంపియన్ కూడా వాళ్ళే అయ్యారు.

అదే సంవత్సరం వేక్ ఫారెస్ట్ ఓటమి. అందుకే ఆ రోజు నేను లేవలేకపోయాను. గనిలో మేనేజర్ ఉంటారు, అండర్ మేనేజర్ ఉంటారు, ఓవర్‌మెన్ ఉంటారు. పని మొదలయ్యే ముందు కర్రతో పైకప్పు కొట్టి, చప్పుడు విని, మనుషులను లోపలికి పంపాలో వెనక్కి పిలవాలో చెప్పేది సర్దార్. కప్పు కూలని రోజు గురించి ఎవరూ మాట్లాడరు. నాన్న అలాంటి రోజులు ఇరవై ఆరేళ్ళు పోగుచేశారు. ఎవరూ పాయింటు సాధించని ఆటను చూసి విసుక్కునేవారికి ఇది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

2015తో బీమర్ తప్పుకున్నారు. కొత్త హెడ్ కోచ్ వచ్చినా ఫోస్టర్‌ను ఉంచుకున్నారు. అది మామూలుగా జరగదు. 2019 ఆగస్టులో, ఈ సీజనే ఆఖరు అని ఫోస్టర్ ప్రకటించారు. నేను అప్పటికి వెస్ట్ వర్జీనియాలో పనిచేస్తున్నాను. నవంబరు 23న సొంత మైదానంలో ఆయన చివరి మ్యాచ్‌కు సెలవు పెట్టి కారులో వెళ్ళాను. అంతకు ముందు వారం జార్జియా టెక్ మీద 45-0. ఆ రోజు పిట్స్‌బర్గ్ మీద 28-0. వరుసగా రెండు మ్యాచ్‌లలో ప్రత్యర్థికి సున్నా. ఆట ముగిశాక కూడా చాలాసేపు నిలబడే ఉన్నాను. డిసెంబరు 31న కెంటకీతో ఆడిన బౌల్ మ్యాచ్‌ను మాత్రం ఆఖరి క్షణాల్లో పోగొట్టుకున్నాం, 37-30. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

పిట్స్‌బర్గ్ మ్యాచ్ రాత్రి నాన్నకు ఆ డబ్బా ఫోటో పంపి, ఫోస్టర్ కథంతా ఫోనులో చెప్పాను. ఓపికగా విన్నారు. ఆయనను పెద్ద కోచ్‌ను ఎందుకు చేయలేదని అడుగుతారేమో అనుకున్నాను. కాసేపు ఆగి, "మూత గట్టిగా పడుతుందా బిడ్డా? మా దగ్గరలాగే అక్కడి గనుల్లోనూ ఎలుకలు ఉండేవా?" అన్నారు.