మావాళ్ళు అన్నిటికీ అయిదే కొడతారట

"వైజాగ్ డేటా పక్కన పెట్టేద్దాం, మీవాళ్ళు అన్నిటికీ అయిదు కొట్టేశారు, ఇందులో సమాచారం ఏమీ లేదు" అని మా సీనియర్ మీటింగులో అందరి ముందూ అనేశారు. నెదర్లాండ్స్‌లో అది తిట్టు కిందకి రాదు. మనసులో ఉన్నది మొహం మీదే చెప్పడం వాళ్ళకి మర్యాద, ఆ మీటింగ్ అయ్యాక ఆయనే నాకు కాఫీ తెచ్చి ఇచ్చారు కూడా. నాకే గొంతు దిగలేదు. ఇప్పుడు సెలవు మీద ఇంటికొచ్చి ఎంవీపీ కాలనీలో అమ్మ దగ్గర కూర్చున్నా అదే మాట బుర్రలో తిరుగుతోంది.

అక్కడ నాది సర్వే డేటా చూసే ఉద్యోగం. పిల్లలు దూరంగా ఉంటున్న పెద్దవాళ్ళకి ఎంత ఆసరా ఉంది అన్నది మా ప్రశ్నాపత్రం. విశాఖలో కూడా కొద్దిమందిని అడిగిద్దామని పట్టుబట్టింది నేనే, కాబట్టి ఆ మాట సూటిగా నాకే తగిలింది. "కష్టమొస్తే ఆదుకునే మనుషులు నాకు ఉన్నారు", "నా పిల్లలు నన్ను బాగా చూసుకుంటారు", ఇలాంటి వాక్యాలు ఇచ్చి 1 నుంచి 5 దాకా ఎంత ఒప్పుకుంటారో చెప్పమంటాం. 1932లో లైకర్ట్ చూపించిన పద్ధతి, ఇప్పుడు ప్రపంచమంతా అదే. మన ఇళ్ళల్లో ఒక పరాయి మనిషి కాగితం పట్టుకొచ్చి మీ పిల్లలు మిమ్మల్ని బాగా చూస్తారా అని అడిగితే ఏ తల్లి మూడు అంటుంది?

ఆయన మాటలో లెక్క ప్రకారం ఎంత నిజం ఉందో ముందు చెప్తాను, లేకపోతే ఊరి మీద ప్రేమతో వాదిస్తున్నాననుకుంటారు. మేం వాడేది స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్, పొట్టిగా సెమ్. ఒక ప్రశ్నకి జవాబు మారినప్పుడు ఇంకో ప్రశ్నకి జవాబు కూడా దానితోపాటు ఎంత మారుతుందో చూసి, ఈ రెండిటి వెనకా ఏదో ఒకటి ఉండి వీటిని కదిలిస్తోందని ఊహించడం దీని పునాది. ఆ వెనకున్నదే లేటెంట్ వేరియబుల్. 1904లో స్పియర్‌మన్ పిల్లల మార్కుల వెనక ఒకే తెలివి ఉందని చెప్పడానికి మొదలెట్టిన ఆలోచన ఇది. 1920 ప్రాంతంలో స్యూవాల్ రైట్ గినీ పందుల వంశలక్షణాలు చూస్తూ గీసిన బాణాల బొమ్మల్ని దీనితో కలిపి, 1970ల్లో స్వీడన్‌లో యోరెస్కోగ్ ఒక పూర్తి పద్ధతిగా చేశారు. మరి అందరూ అన్నిటికీ అయిదే కొడితే మారడం అనేదే ఉండదు, మారనప్పుడు కలిసి మారడమూ ఉండదు, మోడల్‌కి తినడానికి ఏమీ దొరకదు. అంతవరకు ఆయన రైటే. కానీ మావాళ్ళు అన్నిటికీ అయిదు కొట్టలేదు. పిల్లల ప్రస్తావన ఉన్న ప్రశ్నలకి కొట్టారు. రోజు గడవడం గురించీ, నిద్ర గురించీ అడిగితే జవాబులు బాగానే చెదిరాయి. ఆ తేడా ఎందుకొచ్చిందో అడగకుండా మొత్తం ఊరినే తీసి పక్కన పెడదామనడం నాకు మింగుడుపడలేదు.

ఇది నేను అక్కడికి వెళ్ళాకే నేర్చుకున్నాను. అంతకుముందు నాకు తెలిసింది జవాబులన్నీ కూడి ప్రశ్నల సంఖ్యతో భాగించడం, ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే ఆల్ఫా 0.7 దాటిందా లేదా చూడడం, అంతే. సెమ్ నేర్చుకుంటున్నప్పుడు మొదట పట్టుబడని సంగతి ఏంటంటే, ఆ వెనకున్నది ఎప్పటికీ కనిపించదు. సింహాచలం అప్పన్నని ఏడాదంతా చందనంలోనే చూసి, లోపల ఇలా ఉంటాడని మనం అనుకుంటాం కదా, అలాంటిదే ఇది. కాకపోతే స్వామికి అక్షయ తృతీయ ఉంది. ఈ లేటెంట్ వేరియబుల్‌కి నిజరూప దర్శనం రోజంటూ లేదు, ఎన్ని ప్రశ్నలు వేసినా చందనం మీదనుంచే అంచనా కట్టాలి. అందుకే ప్రతి జవాబునీ మోడల్ మూడు ముక్కలు చేసి చూస్తుంది. ఆ లోపలిది ఎంత ఉంటే ఈ జవాబు ఎంత పెరుగుతుందనేది లోడింగ్. ఆ లోపలిది సగటు దగ్గర ఉన్నప్పుడు కూడా ఈ ప్రశ్నకి మామూలుగా వచ్చే మట్టం ఇంటర్‌సెప్ట్. మిగిలింది ఎర్రర్, అంటే ఆ ప్రశ్నకే సొంతమైనవీ, ఆ పూట మూడ్‌వీ అన్నీ.

నా గొడవంతా ఆ ఇంటర్‌సెప్ట్ దగ్గరే. ఆసరా సమానంగా ఉన్న ఇద్దరు పెద్దావిడలు, ఒకరు ఉట్రెక్ట్‌లో, ఒకరు కంచరపాలెంలో ఉన్నారనుకోండి. అక్కడావిడ నాలుగు వేస్తారు, ఇక్కడావిడ అయిదు వేస్తారు. అది అబద్ధం కాదు, ఆ ప్రశ్నకి ఇక్కడ మట్టమే ఎత్తులో ఉంది. వాళ్ళ బళ్ళలో పదికి పది దాదాపు ఎవరికీ వేయరు, ఆరుకి పాస్, ఎనిమిది వస్తే ఆ పిల్ల బాగా చదువుతుందని అర్థం. మనకి ఎనిమిది వస్తే మిగతా రెండు ఎక్కడ పోయాయని ఇంట్లో అడుగుతారు. అలా పెరిగినవాళ్ళు పెద్దయ్యాక నాలుగు దగ్గర ఆగితే అది నిజాయితీ, మనవాళ్ళు అయిదు దగ్గరకి వెళ్తే అది సమాచారం లేకపోవడమూనా? వాళ్ళ నాలుగు కూడా ఒక అలవాటే కదా, దాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు.

ఈ మాట నా సొంత బాధగా చెప్తే ఎవరూ వినరని నాకు తెలుసు, అందుకే సెమ్ నేర్చుకునేవాళ్ళందరూ మొదట ముట్టుకునే డేటానే ఆయన ముందు పెట్టాను. ఘెంట్ విశ్వవిద్యాలయంలో ఈవ్ రోసెల్ తయారుచేసిన లావాన్ అనే ఉచిత ప్యాకేజీ ఉంది, గణాంకాల భాష అయిన ఆర్‌లో నడుస్తుంది. ఇక్కడ నేర్చుకోవాలనుకునే పిల్లలకి నేను చెప్పేది కూడా అదే, పైసా ఖర్చు లేదు. అందులోనే హోల్జింగర్, స్వైన్‌ఫర్డ్ అనే పరిశోధకులు 1939లో ప్రచురించిన డేటాలో కొంత ఉంటుంది. షికాగో ప్రాంతంలో రెండు బళ్ళు, 7, 8 తరగతుల పిల్లలు 301 మంది, ఒక్కొక్కరికీ తొమ్మిది పరీక్షలు. పాశ్చర్ బడిలో 156 మంది, గ్రాంట్ వైట్ బడిలో 145 మంది. మొదటి బడి ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలది, వాళ్ళ అమ్మానాన్నల్లో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చినవాళ్ళు. నాలాంటివాళ్ళ పిల్లలు.

చదివి అర్థం చేసుకునే పరీక్షలో పాశ్చర్ పిల్లల సగటు 2.82, గ్రాంట్ వైట్ పిల్లలది 3.32. ఇంగ్లిషు ఇంటిభాష కాని పిల్లలకి అది సహజం. కానీ గబగబా కూడికలు చేసే పరీక్ష చూడండి, పాశ్చర్ 4.43, గ్రాంట్ వైట్ 3.92. వేగానికి సంబంధించిన మిగతా రెండు పరీక్షల్లో రెండు బళ్ళూ దాదాపు ఒకటే. అంటే లోపలున్న వేగం ఒకటే అయినా కూడికల్లో ఆ పిల్లలు ముందున్నారు. రెండు బళ్ళకీ లోడింగ్స్ సమానం అని కట్టేస్తే డేటా ఒప్పుకుంటుంది. ఇంటర్‌సెప్ట్స్ కూడా సమానం అని కట్టేస్తే మోడల్ డేటాకి ఎంత దూరంగా ఉందో చెప్పే కై స్క్వేర్ ఒక్కసారిగా పెరిగిపోయి మోడల్ కుదరనంటుంది. అప్పుడు ఎవరూ పాశ్చర్ బడిని తీసి పక్కన పెట్టలేదు! కూడికల ప్రశ్నకీ, ఇంకో బొమ్మల ప్రశ్నకీ ఇంటర్‌సెప్ట్ విడిగా వదిలేసి, మిగతావి సమానంగా ఉంచి రెండు బళ్ళనీ పోలుస్తారు. దాన్ని పార్షియల్ ఇన్వేరియన్స్ అంటారు, 1989 నుంచీ అందరూ వాడుతున్నదే. ఎనభై ఏళ్ళు దాటిన ఆ వలస పిల్లల డేటాకి ఇచ్చిన మర్యాద మా ఊరి అమ్మలకి ఎందుకు ఇవ్వకూడదు, ఇదే నేను అడిగింది.

ఏ ప్రశ్న దగ్గర మోడల్ ఇబ్బంది పడుతోందో కూడా ప్రోగ్రామే చూపిస్తుంది, మాడిఫికేషన్ ఇండెక్స్ అని. ఈ ఒక్క ముడి విప్పితే కై స్క్వేర్ సుమారు ఇంత తగ్గుతుంది అని ప్రతి ముడి పక్కనా ఒక అంకె వస్తుంది, 3.84 దాటితే చూడదగ్గది. దాని వెనకున్నది స్కోర్ టెస్ట్. దాన్ని 1948లో ఇచ్చింది సి.ఆర్. రావుగారు, ఇదే విశాఖలో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసినాయన. ఆ సంగతి నేను మా ఆఫీసులో చెప్పినప్పుడు నా గొంతు కాస్త పెరిగిందేమో, పెరిగితే పెరగనీ. ఒక జాగ్రత్త మాత్రం ఉంది, ఆ అంకెల వెంట పడి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోతే, మోడల్ ఎంత బాగా కుదిరిందో చెప్పే సీఎఫ్‌ఐ 0.95 దాటి అందంగా కనిపిస్తుంది, అర్థం మాత్రం పోతుంది. విప్పే ముడికి మనుషుల్లో కారణం కనపడాలి.

ఆ కారణం కోసమే ఇక్కడికొచ్చాక మా పక్కవాటా మామ్మగారి దగ్గర ప్రశ్నాపత్రం పట్టుకుని కూర్చున్నాను. పిల్లల ప్రశ్నకి ఆలోచించకుండా అయిదు అన్నారు. ఎందుకు మామ్మగారూ అని అడిగాను.

"అయిదు కాక ఏటి రాయమంటావమ్మా? నాలుగు రాస్తే నా కొడుక్కి నా నోటితో నేనే వంక పెట్టినట్టు కాదూ?"

సరే, పోయినసారి జ్వరం వచ్చినప్పుడు ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళారని అడిగాను.

"మన వీధి చివర ఆటో అబ్బాయి. ఆడు రాత్రయినా వస్తాడు, డబ్బులడగడు, నేనే ఇస్తాను. మావోడికి చెప్పలేదు, అక్కడ వాడికి టెన్షన్ ఎందుకని."

వాళ్ళబ్బాయి ఉండేది అమెరికాలో. పక్కనే కూర్చున్న మా అమ్మ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. నేను వారం వారం ఫోన్ చేసినప్పుడు "మాకేటమ్మా, బాగానే ఉన్నాం" అని వినే మాట ఎంత ఎత్తు ఇంటర్‌సెప్ట్ మీద నిలబడి ఉందో నాకు తెలుసు.

ఆ రాత్రే మా సీనియర్‌కి మెయిల్ రాశాను. విశాఖ డేటా ఉంచుదాం, పిల్లల ప్రశ్నలకి ఇంటర్‌సెప్ట్ విడిగా వదులుదాం, కొత్తగా అభిప్రాయం కాకుండా జరిగింది అడిగే ప్రశ్నలు కలుపుదాం అని. ఆయన ఒక పూటలో జవాబిచ్చారు: కారణం బాగుంది, ప్రశ్నలు పంపు. పొగడ్త లేదు, సారీ లేదు, కానీ ఒప్పుకోవడంలో కూడా అంతే సూటిగా ఉంటారు వాళ్ళు. ఆ గుణం నాకు నచ్చుతుంది, కోపంలో ఉన్నప్పుడు కూడా.

ప్రశ్నలు కనీసం నాలుగు కావాలి. మూడే ఉంటే తెలిసిన అంకెలు (ఒక్కో జవాబు ఎంత చెదిరింది, ఏ రెండు ఎంత కలిసి మారాయి) ఆరు, తెలుసుకోవాల్సినవీ (లోడింగ్స్, ఎర్రర్లు) ఆరే, మోడల్ ఎలాగూ సరిపోతుంది కాబట్టి అది తప్పో ఒప్పో పరీక్షించే వీలుండదు. నాలుగు ఉంటే తెలిసినవి పది, తెలుసుకోవాల్సినవి ఎనిమిది, అప్పుడు మోడల్‌ని పరీక్షించడానికి రెండు అంకెలు, అంటే రెండు డిగ్రీలు, చేతిలో మిగులుతాయి. ఆస్పత్రికి ఎవరు వచ్చారు, కరెంటు పోతే ఎవరిని పిలుస్తారు, చేతిలో డబ్బు లేకపోతే ఎవరిని అడుగుతారు, ఈ మూడూ రాశాను. నాలుగోది పండగ గురించి పెడదామనుకుంటే మామ్మగారు వద్దన్నారు, పండగరోజు అందరూ వీడియోకాల్ చేస్తారమ్మా, అది లెక్కలోకి రాదు అని. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద ఆవిడతో నడిచే జట్టులో నలుగురైదుగురు ఉన్నారట, పిల్లలందరూ బయటే. రేపు నన్నూ రమ్మన్నారు, నాలుగో ప్రశ్న వాళ్ళనే అడగాలి.