సింహానికి పిల్లి తోక

(1992 పదో తరగతి, 'బి' సెక్షన్, కిటికీ పక్క బెంచి)

'బడి నాకేమిచ్చింది' అన్న అంశం మీద రెండు పేజీలు రాసి పదిహేనో తేదీలోగా పంపమని మన పాత విద్యార్థుల కలయిక సంచిక కమిటీ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మూడోసారి చేసింది గోళీసోడా. వాడు అడిగితే కాదనలేనని కమిటీకి తెలుసు. కానీ ఆ అంశం మీద రాయడం నా వల్ల కాదు. బడి ఇచ్చిందంతా మార్కుల జాబితాలోనే ఉంది, లెక్కల్లో 38తో సహా. నేను కాలయంత్రం సినిమా 'ఆదిత్య 369' గురించి, అందులో వేసిన ఆడవాళ్ల గురించి రాస్తాను. నచ్చకపోతే గోళీసోడా ఆ పేజీలు చింపేయవచ్చు, వాడికి అలవాటే.

సినిమా 1991 జులై 18న వచ్చింది. మగపిల్లలు ఎలా చూశారో, వెనక ప్రహరీకి ఆ కన్నం ఎలా పడిందో నేను చెప్పనక్కర్లేదు. నేను మాత్రం అమ్మతో, మేనత్తతో ఏలూరు వెళ్లి, ఆడవాళ్ల వరసలో గంట నిలబడి, దర్జాగా టికెట్టు కొనుక్కుని చూశాను. 'జాణవులే' పాటలో ఒక గొంతు వినగానే అమ్మ నా మోచెయ్యి గిల్లి, "జిక్కి! జిక్కే!" అంది. 'ఏరువాక సాగారో' పాడిన జిక్కి. పాట అయ్యేదాకా అమ్మ కళ్లు మూసుకునే ఉంది. అంత డబ్బు పోసి సింగీతం శ్రీనివాసరావు గారు విజయనగరం కట్టిస్తే మా అమ్మ దాన్ని చూడనే లేదు.

మన ఆడపిల్లలందరికీ హేమ నచ్చింది. హేమగా వేసిన మోహినికి తెలుగులో అదే మొదటి సినిమా. ఆ ఏడాది మన తరగతిలో ఎంతమంది జుట్టు కత్తిరించుకుని ఇంట్లో దెబ్బలు తిన్నారో ఆ బాధితులే రాయాలి. నాకూ నచ్చింది కానీ ఒక ఫిర్యాదు ఉండేది, ఇప్పటికీ ఉంది. యంత్రం కనిపెట్టిన పేరు నాన్నది, సాహసం చేసిన పేరు హీరోది. పాపం హేమ 1526కీ వెళ్లింది, 2504కీ వెళ్లింది, ఎక్కడికి వెళ్లినా ఆశ్చర్యపోవడమే ఆమె పని. అయితే ఆ ఆశ్చర్యం ఆమె ముఖంలో నిజంగా కనిపిస్తుంది. కాలయంత్రం ఉందని మనం నమ్మింది అట్టముక్కల్నీ దీపాల్నీ చూసి కాదు, ఆ అమ్మాయి పెద్ద కళ్లు చూసి. అన్నట్టు, అందులో వేసిన పిల్లల్లో ఒకమ్మాయే తర్వాత హీరోయిన్ అయిన రాశి. ఇది నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఇక సిల్కు స్మిత వేసిన రాజనర్తకి. ఆగస్టు పదిహేను కోలాటంలో నేను ముందు వరసలో నిలబడ్డాను. నేను చేసిన నేరం అంతే. మర్నాటి నుంచి నా పేరు 'సిల్కు' అయింది. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడు తవ్వను, ఆయన ఈ సంచికకు రంగుల ప్రకటన ఇచ్చారు. నేను మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వచ్చేసరికి నల్లబల్ల మీదే రాసి ఉంది. తరువాతి పీరియడు డ్రాయింగు మాస్టారిది.

ఆయన దాన్ని చెరపలేదు. చెవి సందున ఉన్న సుద్దముక్క తీసి, "ఆ సినిమాలో ఈమె పేరేమిటి?" అని అడిగారు.

"సిల్కు స్మిత, మాస్టారూ!" అని అరిచాడు మన కప్పగాడు.

"సినిమాలో అన్నాను."

ఎవరికీ గుర్తు లేదు. నేనే లేచి "సింహనందిని" అన్నాను.

"అంటే ఏమిటి?"

అది నాకూ తెలియదు. "శనివారం ఆఖరి పీరియడుకు తలా గుప్పెడు బియ్యప్పిండి తెండి" అని చెప్పి, ఆయన బల్ల తుడిచి మామిడికాయ వేయడం మొదలుపెట్టారు.

ఆ శనివారం మీకందరికీ గుర్తే, అయినా నేను రాసుకోవాలి. వరండా కడిగించి, ఆరాక పిండి పరిపించారు. చాలకపోతే హాస్టలు వంటమనిషి ఇంకో గిన్నెడు ఇచ్చింది. అంత పొట్ట ఉన్న మనిషి పంచె పైకి ఎగ్గట్టి, చెప్పులు విడిచి, నేలకు దండం పెట్టారు. చిన్నప్పుడు కూచిపూడి అగ్రహారంలో నాలుగేళ్లు నేర్చుకున్నారని మనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. సింహనందిని ఒక నాట్యమట, దాని తాళం పేరు సింహనందనం. నూట ఎనిమిది తాళాల్లో అన్నిటికంటే పొడవైనది, 128 అక్షరాలు. ఆ తాళానికి ఆడుతూ పాదాలతోనే నేల మీద సింహం బొమ్మ గీయాలి. ఆ విద్యను మన కాలానికి తెచ్చిన సి.ఆర్. ఆచార్యులు గారి పేరు కూడా నేను మొదట విన్నది ఆ వరండాలోనే.

మాస్టారు నోటితో జతులు చెప్పుకుంటూ కదిలారు. మడమ తిప్పితే జూలు వచ్చింది. బొటనవేలు ఈడిస్తే వీపు గీత వచ్చింది. పిండి మోకాళ్లదాకా లేచింది. మొదట నవ్విన వాళ్లు ముందుకాళ్లు పడేసరికి నవ్వు ఆపేశారు. సరిగ్గా తోక దగ్గర అటెండరు గంట కొట్టాడు, మాస్టారి లెక్క తప్పింది. తోక సన్నగా, వంకరగా వచ్చింది.

"పిల్లి!" అన్నాడు కప్ప.

అందరికంటే ఎక్కువ నవ్వింది మాస్టారే. వరండా మెట్టు మీద కూలబడి, కండువాతో కాళ్లు దులుపుకుంటూ అన్నారు: "ఆ స్మితది మన కొవ్వలి ఊరే. సైకిలు మీద పోయి రావచ్చు. నాలుగో తరగతితో బడి మాన్పించారు. మీరేమో పదిలో ఉన్నారు." ఇంకేమీ అనలేదు. సోమవారం నుంచి నేను 'పిల్లి' అయ్యాను. మన వాట్సాప్ గుంపులో ఇప్పటికీ అదే పేరు, నాకు ఇష్టమే.

తర్వాత మార్చి వచ్చింది, పరీక్షలయ్యాయి. 1526లో జరిగిన ముఖ్య సంఘటన ఏమిటని సోషల్ పేపర్లో అడిగితే పానిపట్టు రాయకుండా 'హేమ, కృష్ణకుమార్, కానిస్టేబులు విజయనగరం చేరుట' అని రాసిన మహానుభావుడు ఇప్పుడు మండల విద్యాధికారి. ఆయన కూడా వ్యాసం రాస్తున్నాడని విన్నాను.

1996 సెప్టెంబరులో నేను కాకినాడలో ఎక్స్‌రే కోర్సులో ఉన్నాను. 24న హాస్టలు భోజనాల బల్ల మీద పేపరు చూశాను. స్మిత చెన్నైలో చనిపోయింది, 35 ఏళ్లు. అమ్మాయిలు ఆ ఫొటో చూసి పేజీ తిప్పేశారు. ఏ ఫొటో వేసి ఉంటారో మీకు తెలుసు. తర్వాత వారం రోజులు నేను రీడింగు రూములో పేపర్లన్నీ వెతికాను. రాజనర్తకి వేషంలో ఉన్న ఫొటో ఒక్కటీ నా కంటపడలేదు. 'సీతాకోకచిలుక'లో చీర కట్టుకుని ఉన్నదైనా వేయలేదు.

ఇప్పుడు నేను విశాఖలో ఒక పెద్దాసుపత్రి ఎక్స్‌రే, స్కానింగు విభాగంలో అందరికంటే సీనియర్ టెక్నీషియన్ని. నా కింద పదకొండు మంది. లెక్కల్లో 38 వచ్చిన మనిషి రోజూ మోతాదులు లెక్కగడుతోందని ట్రిగనామెట్రీ మాస్టారికి ఎవరైనా చెప్పండి. ఛాతీ మీద చిన్న బ్యాడ్జీ పెట్టుకుంటాం, ఒంటికి ఎంత రేడియేషను తగిలిందో అది పట్టుకుంటుంది, మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతాం. కొత్తగా చేరిన పిల్లలు పెట్టుకోవడం మరిచిపోతే, రేడియేషనుకు భయపడి మనుషులు భూమి కిందకు పోయిన 2504 కథ చెబుతాను. వాళ్లకు అర్థం కాదు కానీ పెట్టుకుంటారు.

2025 ఏప్రిల్లో సినిమా మళ్లీ విడుదలైతే మా అమ్మాయితో వెళ్లాను. హీరో కనబడగానే కాగితాలు ఎగిరాయి. సింహనందిని రాగానే ఈలలు వేశారు, పాత ఈలలే. అమ్మాయి నా వైపు వంగి, "అమ్మా, ఆ కాలు ఏమిటి, ఎందుకలా కదుపుతున్నావు?" అంది. చూసుకుంటే చెప్పు విడిచి ఉంది, కింద పాప్‌కార్న్ పొట్టులో బొటనవేలు వంకరగా ఏదో గీస్తోంది. తోక కాబోలు.

ఆదివారం ఉదయం బస్సుకే వస్తున్నాను. వరండా ఇంకా ఉందన్నారు. బియ్యప్పిండి కమిటీ వాళ్లే తెప్పించాలి, క్రితంసారి చాల్లేదు.