షట్టర్ తాళం

మా నాన్న ఇరిగేషన్‌లో లష్కర్‌గా చేశారు. వేరే ప్రాంతం వాళ్లకు చెబితే మిలటరీ అనుకుంటారు. కోనసీమలో ఎవరికీ వివరించక్కర్లేదు. కాలవ గట్టు మీద సైకిల్ వేసుకుని తిరుగుతూ తూముల షట్టర్లు ఎత్తేదీ దించేదీ లష్కరే. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లు చాలక వంతులు పెట్టారంటే మా ఇంటికి వచ్చిపోయేవాళ్లు ఎక్కువైపోయేవారు. తాళంచెవి నాన్న జేబులో ఉండేది మరి.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం మెట్ల మీద ఒకాయన నాన్నను పక్కకు పిలిచారు. మాతోపాటు రొట్టె విరిచే సహోదరుడే. శివారులో మూడెకరాలు కౌలుకు చేస్తున్నారు. చేను పొట్ట మీద ఉంది, నేల నెర్రెలు విచ్చింది. "మీరు మనవాళ్లే కదా బ్రదర్, ఈ రాత్రి రెండు గంటలు షట్టర్ లేపితే గట్టెక్కుతాను" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు నేను చూశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "మీ వంతు గురువారం అండి. తెల్లారకముందే వస్తాను" అన్నారు.

గురువారం నాలుగింటికే బయల్దేరారు. నేనూ సైకిల్ వెనక కూర్చున్నాను. చీకట్లో టార్చిలైటు నా చేతికిచ్చి, గ్రీజు మరకల చేతులతో ఆ స్క్రూ తిప్పుతూనే ఉన్నారు. ముందు తూము కింద చిన్న బుడగలు, ఆ తర్వాత ఒక్కసారిగా చప్పుడు. బోదె వెంట నీళ్లు పాకుతుంటే ఆ కౌలు రైతు వాటితోపాటే నడిచారు, చెత్త అడ్డుపడిన చోటల్లా కాలితో తోస్తూ.

మొదటి పంట సార్వాకి నీళ్లు వదిలే రోజు లాకుల దగ్గర పూజ చేసేవారు. గోదారమ్మకు పసుపు, కుంకుమ, చీర. నాన్న భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని ఒక పక్కన నిలబడేవారు. దణ్ణం పెట్టేవారు కాదు, మొహం తిప్పుకునేవారూ కాదు. పూజ అవ్వగానే తన పని తాను చేసేవారు.

ఇప్పుడు నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. రాజ్యాంగ పీఠిక చదివిస్తుంటే మొన్న ఒక అమ్మాయి లేచి, "టీచర్, ఇంత గొప్పదాంట్లో దేవుడి పేరు లేదేంటి?" అంది. చాలా మంచి ప్రశ్న. ఆ పేరు పెట్టాలని ఒకరు అడిగారని చెప్పాను. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి. కామత్ 'దేవుని పేరిట' అని పీఠిక మొదలుపెడదామన్నారు. ఓటింగ్ పెడితే 41 మంది ఔనన్నారు, 68 మంది కాదన్నారు. కాదన్నవాళ్లంతా నాస్తికులేం కాదు. అదే సభలోని పట్టం థాను పిళ్లై స్వయంగా విశ్వాసి. అయినా విశ్వాసం విషయంలో ఇది బలవంతం అవుతుందన్నారు. 'లౌకిక' అనే మాట 1976లో 42వ సవరణతో చేరింది కానీ, అసలు నిర్ణయం ఆ రోజే జరిగిందని నేను నమ్ముతాను. ఒక క్రైస్తవురాలిగా ఆ 68 మందికి నేను కృతజ్ఞురాలిని. నా దేవుడు మనసారా పిలిస్తేనే పలుకుతాడు. చట్టం చేసి పలికించిన పేరుతో ఆయనకేం పని?

అయితే ప్రభుత్వం చేతిలోని షట్టర్ దగ్గర మతం అడిగే చోటు ఒకటి మిగిలే ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా. ఎస్సీ హోదా మొదట దాదాపుగా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌కు వస్తారు. బాప్తిస్మం తీసుకుంటే పేట ఊళ్లోకి రాదు కదా! బావి దగ్గర పడిన మాట మరుపుకు రాదు కదా! అందుకే మా పల్లెల్లో ఎంతోమందికి స్కూల్ రిజిస్టర్‌లో ఒక పేరు, మందిరంలో ఒక పేరు. ప్రార్థనలో సత్యం అని, ఆఫీసులో ఇంకోటి చెప్పాల్సి రావడం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. వాళ్లను దొంగలన్నట్టు మాట్లాడేవాళ్లను చూస్తే నాకు దుఃఖం వస్తుంది.

ప్రభుత్వం మతం చూడకూడదని అడిగే హక్కు నాకు ఉండాలంటే నా వైపూ చూసుకోవాలి. పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 గౌరవ వేతనం ఇస్తోంది. జెరూసలేం యాత్రకు డబ్బు సాయం చేసింది. పేద సేవకుల కష్టం నాకు తెలుసు, చూశాను. అయినా వాళ్లను పోషించాల్సింది మన కానుక సంచి. పన్ను కట్టినవాళ్లలో మన దేవుణ్ణి నమ్మనివాళ్లు ఎంతమంది! కైసరు నాణెం చూపించి 'కైసరువి కైసరుకు, దేవునివి దేవునికి' అని యేసు ప్రభువు చెప్పిన మాట పన్నులు కట్టడానికే కాదు, చెయ్యి చాపకుండా ఉండటానికి కూడా అనుకుంటాను.

పోయిన ఏడు స్కూల్లో కొత్త గదులు తెరిచారు. సీనియర్‌ని కదా అని నన్ను కొబ్బరికాయ కొట్టమన్నారు. "పక్కన నిలబడతాను సార్, కొట్టలేను" అన్నాను. వెనక గుసగుసలు వినబడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిసెంబరు రాగానే మా పిల్లల్లో క్రైస్తవులు ఎక్కువ కదా అని మందిరంలోని ఒక సిస్టర్, స్కూల్ హాల్లో స్టార్ కట్టి సెమీ క్రిస్మస్ చేద్దాం, వాక్యం చెప్పిద్దాం అన్నారు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం చెబుతోందని చూపించాను. "మా ఇంట్లో చేద్దాం, కేకు నేనే తెస్తాను, పిల్లల తల్లిదండ్రుల్ని కూడా పిలుద్దాం" అన్నాను. సాక్ష్యమిచ్చే అవకాశం చేజేతులా పోగొట్టావన్నారు.

మా ఇంట్లోనే చేశాం. చాలామంది వచ్చారు, ఆవిడ రాలేదు. ఇన్ని నెలలైనా నాతో ముభావంగానే ఉంటున్నారు. మొన్న ఆదివారం వందనాలు చెబితే తల మాత్రం ఊపారు.